టీచరమ్మ రాస్‌బెర్రీకి నేను పోసిన నీళ్లు

మొన్న మోకాళ్ల నొప్పికి మందు కొనుక్కుని నారాయణగూడ నుంచి నడిచి వస్తుంటే, ఒక పండ్ల దుకాణంలో అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ డబ్బాలో రాస్‌బెర్రీలు కనిపించి కాళ్లు అక్కడే ఆగిపోయాయి. దుకాణమతను నా వంక ఒకసారి చూసి, "ఇవి బయటిదేశం పండ్లమ్మా, మన దగ్గర కావు" అన్నాడు. మన దగ్గర కూడా అయ్యాయని, అశోక్‌నగర్‌లో ఒక ఇంటి పెరట్లో కాశాయని, ఆ చెట్టును చంపింది నేనేనని అతనికి చెప్పి ఏం లాభం?

రెండువేల తొమ్మిదిలో నేను ఆ ఇంట్లో పనికి కుదిరాను. అంతకుముందు పాలమూరు నుంచి వచ్చి పదేళ్లపాటు ఇసుక, ఇటుకలు మోసినదాన్ని. మా ఆయన పోయాక, నడుము సహకరించక, చిక్కడపల్లి బస్తీలో ఒక గది కిరాయికి తీసుకుని ఇళ్లలో పనులు పట్టుకున్నాను. ఆ ఇంటావిడ బడిలో సైన్సు చెప్పి రిటైరైన మనిషి, పెళ్లి చేసుకోలేదు, అందరూ టీచరమ్మ అనేవారు, నేనూ అలాగే పిలిచేదాన్ని. నా వయసు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పటికింకా ఆ సందుల్లో పెరడున్న ఇళ్లు నాలుగైదు మిగిలి ఉండేవి. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు చేతిలో పుస్తకంతో నడుస్తూ నడుస్తూ, గోడ మీదుగా వంగిన కొమ్మ నుంచి జామకాయ తెంపుకుపోతే టీచరమ్మ చూసీ చూడనట్టు ఊరుకునేది.

జామను ఎవరు తెంపినా ఊరుకునే ఆ మనిషి, గోడ నీడన సిమెంటు తొట్టిలో ఉన్న ముళ్ల రాస్‌బెర్రీ మొక్కను మాత్రం ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. ఊటీ వైపు టీ తోటలో ఉద్యోగం చేసిన ఆమె తమ్ముడు దాన్ని తడి గోనెలో చుట్టి తెచ్చి, తన చేత్తో నాటి వెళ్లాడట. ఆ తర్వాత ఏడాది తిరగకుండానే గుండె ఆగి పోయాడు. బూడిద పూసినట్టు తెల్లగా ఉండే కాడలు, వెండి రంగు ఆకు అడుగు, ముందు ఎర్రబడి తర్వాత నల్లగా మాగే పండు. ఏడాది మొత్తానికి ఒక గుప్పెడు కంటే ఎక్కువ ఎన్నడూ కాయలేదు. మొదటి పండు తమ్ముడి ఫోటో ముందు పెట్టి, రెండోది నాకిచ్చేది. ఆ మొక్క కోసం ఒక నోటుబుక్కు కూడా పెట్టింది. ఎప్పుడు నీళ్లు పోసింది, ఏ ఆకు పండింది, ఏం చల్లింది, అన్నీ అందులో రాసేది.

రెండువేల పదకొండు ఎండాకాలం మొదట్లో టీచరమ్మ స్నానాలగదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంది. హైదర్‌గూడలో ఆపరేషన్ చేశారు, తర్వాత బర్కత్‌పురలో చెల్లెలింట్లో నెలన్నర ఉంది. ఆసుపత్రి మంచం మీద నుంచే తాళంచెవి నా చేతిలో పెట్టి, "మూడు రోజులకొక చెంబు. వేలు మట్టిల పెట్టి చూడు, తడి తగిలితే పొయ్యకు. ఎక్కువ వద్దు, యాదుంచుకో" అని రెండుసార్లు చెప్పింది.

వారం రోజులు అలాగే చేశాను. తర్వాత ఎండ ముదిరింది. మధ్యాహ్నం వెళ్లి చూస్తే ఆకులన్నీ కిందికి వేలాడుతున్నాయి. ఎండకు వాలిన ఆకు సాయంత్రానికి తానే లేస్తుందని నాకు తెలియదు, నేను వెళ్లేది మధ్యాహ్నమే. మెట్టపొలాల్లో పుట్టి పెరిగినదాన్ని. వాడిన మొక్కంటే దాహం వేసిన మొక్క, అంతే. నీళ్లు ఎక్కువై చచ్చిన మొక్కను నా జన్మలో చూడలేదు. వేలు పెడితే మట్టి తడిగానే ఉండేది, ఆకు మాత్రం వాడి ఉండేది, నేను ఆకునే నమ్మాను. ఆమె ఇంటి డ్రమ్ములో నీళ్లు చెప్పినదానికంటే ఎక్కువ ముట్టుకుంటే మాట దాటినట్టవుతుందని, నా నీళ్లే మోసుకొచ్చాను. మా బస్తీలో కుళాయి రోజు విడిచి రోజు వచ్చేది, ఇంటికి నాలుగు బిందెలు. అందులో ఒకటి అశోక్‌నగర్‌కు తెచ్చి, సగం ఆ రోజు, సగం మర్నాడు పోసేదాన్ని.

కుళాయి దగ్గర ఆడవాళ్లు ఊరుకుంటారా! "మాకు పప్పు ఉడకనీకె నీళ్లు లేవు, ఈమె చెట్టుకు మోసుకపోతది. సబ్బు గిట్ల రుద్దుతున్నవా అక్కా దానికి?" అని నవ్వేవారు. నేనూ నవ్వేదాన్ని. వారానికొకసారే నా చీరలు ఉతుక్కున్న రోజులవి. ఆకుల అంచులు పసుపుపచ్చగా మారితే ఇంకో చెంబు ఎక్కువ పోశాను.

టీచరమ్మ వాకర్ పట్టుకుని తిరిగి వచ్చిన రోజు ఇంట్లోకి కూడా పోకుండా నేరుగా తొట్టి దగ్గరికే నడిచింది. కుర్చీ వేయించుకుని, ఆకును తిప్పి భూతద్దంతో పురుగు కోసం వెతికింది, కాడను గోటితో గీరి లోపలి పచ్చదనం చూసింది. తుంటి ఆపరేషన్ అయినవాళ్లు వంగకూడదు కాబట్టి మట్టిలో వేలు పెట్టలేకపోయింది, నన్ను అడిగింది.

"నీళ్లెట్ల పోసినవ్?"

"మీరు చెప్పినట్టే పోసిన టీచరమ్మా."

నీళ్లే రోగమని తెలిసి దాచలేదు. పక్కన ఆమె చెల్లెలు నిలబడి నన్నే చూస్తోంది. చెప్పినదొకటి, చేసినదొకటి అని ఒక ఇంట్లో నా పని పోయి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఆ భయంతో నోట్లోంచి వచ్చిన మాట అది. టీచరమ్మ ఇంకో ప్రశ్న వేయలేదు. "అయితే ఎండదెబ్బే. మూడు రోజులకొక చెంబు ఏం సరిపోతది పాపం, నాదే తెలివితక్కువతనం. ఇగ రోజూ పొయ్యి" అంది. పాత చీరతో నీడ కట్టించింది, వేపనూనెలో సబ్బునీళ్లు కలిపి చల్లించింది. నేను సంతోషంగా, చాటుమాటు లేకుండా, రోజూ పోశాను.

ఇరవై రోజుల్లో కాడలు కింది నుంచి నల్లబడిపోయాయి. తవ్వి తీసింది నేనే. వేళ్ల తోలు నానిన పల్లీల పొట్టులా చేతికి ఊడి వచ్చింది, మురుగు మోరీ వాసన కొట్టింది. టీచరమ్మ వాటిని చూసి, "ముందుగాల ఎరుకైతే, కొమ్మ కొస పచ్చగున్నప్పుడే వంచి వేరే కుండీల పాతుతుంటిమి. అదన్న బతుకుతుండె" అంది. తర్వాత, "చెయ్యి కడుక్కో పో" అంది.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం, మొక్క దగ్గర గడిపే గంట ఎలా గడపాలో తోచక కాబోలు, పలక తెప్పించి నన్ను కూర్చోబెట్టింది. ఈ వయసులో నాకెందుకమ్మా అంటే, "చెట్టైతే పాయె, నువ్వన్న ఎదుగు" అంది. తట్టలు మోసిన చేతికి బలపం ఆగేది కాదు. ఒత్తులు వచ్చేసరికి ఏడాది, వాక్యం వచ్చేసరికి రెండేళ్లు పట్టింది, టీచరమ్మ ఒక్కరోజు కూడా విసుక్కోలేదు.

రెండువేల పదమూడులో, అచ్చు అక్షరాలే కాదు చేతిరాత కూడా చదవడం రావాలని, ఆ నోటుబుక్కు నా చేతికిచ్చింది. తాను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ వింటోంది. కూడబలుక్కుంటూ చదువుతూ పోయాను. "నీళ్లు చెప్పినట్టే పోసింది. ఎండదెబ్బ. రోజూ నీళ్లు" అని ఒకచోట ఉంది. పేజీ తిప్పితే ఒకటే ముక్క, ఆ తర్వాత అన్నీ తెల్ల కాగితాలు. "వేరు కుళ్లు. రోజూ పొయ్యమని నేనే చంపుకున్నాను."

తమ్ముడి చెట్టును తానే చంపుకున్నాననే బాధ లోపల పెట్టుకుని, ఆ రెండేళ్లూ ఆమె నాకు అక్షరాలు దిద్దించింది. ఆ రోజు పుస్తకం మూసేసి, తలనొప్పి అని ఇంటికి పోయాను. మర్నాడు పొద్దున్నే వచ్చి, చీపురు కూడా పట్టకముందే చెప్పాను.

"మీరు కాదు టీచరమ్మా, నేను చంపిన. మా ఇంటి నీళ్లు తెచ్చి రోజూ పోసిన. మీరడిగితే అబద్ధం చెప్పిన."

ఆమె నవ్వింది, కళ్లలో మాత్రం నీళ్లు. "ఆ ఎండాకాలం నీ ఇంట్ల కాళ్లు కడుగనీకె నీళ్లు లేకుండె. బిందె మోసుకొచ్చి నా చెట్టుకు పోసినవా? జర నమ్మేటట్టన్న చెప్పరాదు."

ఒట్టు పెట్టాను, ఏడ్చాను. నేను ఎంత చెబితే అంత గట్టిగా నా చేయి పట్టుకుని, "నా దుఃఖం నీ మీదేసుకుందామని చూస్తున్నవ్. ఊకో" అంది.

మరుసటి ఏడాది టీచరమ్మ పోయింది. పదకొండో రోజు బర్కత్‌పురలో ఆమె చెల్లెలు నన్ను చుట్టాల మధ్య కుర్చీలో కూర్చోబెట్టి, "మా అక్క బాధ చూడలేక తప్పు తన మీదేసుకున్న మనిషి" అని అందరికీ చూపించింది. కాదమ్మా అని లేవబోతే భుజం నొక్కి కూర్చోబెట్టింది.

ఆ ఇల్లు పడగొట్టి ఐదంతస్తుల హాస్టల్ కట్టారు, ఆ సందులో ఇప్పుడు కుండీలో తప్ప మట్టి కనిపించదు. మా బస్తీలోనూ ఇంటింటికీ కుళాయి వచ్చింది, నెత్తిన బిందె పెట్టుకుని నడవడం మా పిల్లలకు తెలియదు. ఒకరోజు మనసు ఆగక మనవరాలికి ఇదంతా చెప్పాను. ఒక్క మాట అడ్డం రాకుండా అంతా నమ్మింది. "ఒక బిందెడే కద నానమ్మా" అంది. ఆ బిందెడు విలువ ఎంతో తెలిసిన టీచరమ్మ మాత్రం చివరిదాకా నమ్మలేదు.