లేవని కోల

ఎల్లారెడ్డి పట్టణం దగ్గరి పల్లెలో హన్మవ్వ పగలు నాట్లకు పోతుంది, సాయంత్రం గుడి ముందర ఆడవాళ్లకు కోలాటం నేర్పుతుంది. రెండింటినీ ఆమె భగవత్సేవగానే భావిస్తుంది. ఆమె దగ్గర కోల పట్టిన ఆడపడుచులు ఆడని జాతర ఆ చుట్టుపక్కల లేదు.

అటువంటి హన్మవ్వ నిరుడు పంద్రాగస్టు నాడు నవ్వులపాలైంది. ఉప్పు సత్యాగ్రహాన్ని కోలాటంగా కట్టింది. తెల్లదొరల పోలీసు వేషం వేసిన ట్రాక్టరు డ్రైవరు డేవిడ్ లాఠీ ఎత్తగానే, సత్యాగ్రహుల కోలలన్నీ ఒక్కసారిగా లేచి టక్కున దానికి తగిలాయి. అందరికంటే ముందు లేచింది హన్మవ్వ కోలే. ఎదుటి కోలకు తన కోల అందించడం కోలాటానికి ప్రాణం. ఆ అలవాటే సత్యాగ్రహం పరువు తీసింది. జనం ఈలలు వేశారు.

ఈ ఏడు ఉత్సవ పెద్ద రాజలింగు ముందే అడ్డుపడ్డాడు.

"నిరుడు పోలీసోణ్ణి మంచిగనే సదిరినవు గని, ఈసారి గోపికల ఆట ఆడుండ్రి హన్మవ్వా."

"లేదన్నా, గా సత్యాగ్రహమే ఆడుతం. మల్ల చెయ్యి లేస్తే ఇగ నేను కోల పట్ట."

అభ్యాసంలో మళ్లీ చేతులు లేచాయి.

"కోలలు కింద పెట్టి ఆడుదాం పిన్నీ," అన్నది వెనుక వరుసను నడిపే సుకన్య.

"చేతుల లేకుంటే ఎవ్వలూ ఎత్తరు. పట్టుకోని ఎత్తకపోవుడే గొప్ప."

"నీ చెయ్యే ఆగుతలేదు గదా!"

"అది గురువు చెయ్యి. ఎవ్వల మాట ఇంటది?" అని హన్మవ్వ కూడా నవ్వింది.

కానీ ఆ రోజు ఆమె చేతులను విడిచి కాళ్లను చూసింది. లాఠీ రాగానే అందరి కుడికాలూ వెనక్కి జరుగుతున్నది; దానితోపాటే చెయ్యి లేస్తున్నది.

"లాఠీ వచ్చినప్పుడు ముందుకు అడుగెయ్యుండ్రి," అన్నది.

వేశారు. కోలలు లేవలేదు. క్షమ వెనుకంజ కాదని ప్రవచనాలలో ఎన్నిసార్లు విన్నా, ఆ అర్థం హన్మవ్వకు పాదాలలో తెలిసింది.

ఇక డేవిడ్ మొరాయించాడు. "అవ్వా, నిన్నెట్ల కొట్టాలె?"

"భుజమ్మీద పడాలె బిడ్డా. నువ్వు గాలిల ఆపితే మా ఓర్పు ఎవ్వలకు కనవడుతది?"

పంద్రాగస్టు నాడు బడి మైదానం నిండింది. పాట ఊపందుకుంది. లాఠీ లేచింది. హన్మవ్వ ముందుకు అడుగేసింది. భుజం మీద దెబ్బ పడిన చప్పుడు వినిపించింది. దానికి బదులుగా రావలసిన కోల చప్పుడు రాలేదు. ఈలకోసం నోట వేళ్లు పెట్టుకున్నవాళ్లు అలాగే ఉండిపోయారు. పక్కనున్న ఆమె ముందుకు వచ్చింది, దెబ్బ తిన్నది. తర్వాత మరొకామె.

"అరే ఆపురా డేవిడ్! ఆడోళ్ల మీదనా నీ జోరు?" రాజలింగు కుర్చీలోంచి లేచి అరిచాడు.

డేవిడ్ లాఠీ దించబోయాడు. హన్మవ్వ అతని ముందునుంచి కదలలేదు. రెండు కోలలూ నేలవైపే ఉంచి, వెనక్కి తిరగకుండానే పిలిచింది.

"సుకన్యా, నీ వరుస తీస్కరా."