చౌరస్తాలో నా ఆవులింత

"ఆ రోజుల్లో" అని మొదలుపెట్టే హక్కు నాకింకా రాలేదని మా మేనమామ అంటాడు. నెత్తిన ఒక్క తెల్ల వెంట్రుక లేనివాడికి "ఆ రోజులు" ఎక్కడి నుంచి వస్తాయని ఆయన వాదన. కానీ నేను చెప్పబోయే రోజులు నిజంగానే వెళ్లిపోయాయి, వెళ్లిపోయినందుకు నేనైతే సంతోషంగానే ఉన్నాను. కరోనా వచ్చి బడులు మూసేశారు, పాఠాలన్నీ ఫోన్లలోకి ఎక్కాయి. మళ్లీ బడులు తెరిచాక పాఠాలు బ్లాక్‌బోర్డు మీదికి బుద్ధిగా తిరిగొచ్చాయి గానీ ఫోన్లు మాత్రం మా చేతుల్లోనే ఉండిపోయాయి. నాది మా బాపు, అంటే నాన్న, దుబాయ్ నుంచి పంపిన ఫోను. "చదువుకే ఇది, ఆటలకు గాదు" అని ఆయన అక్కడి నుంచి రోజూ గుర్తు చేసేవాడు, అదీ ఆ ఫోనులోనే.

మా ఊరు ఎల్లారెడ్డిలో మా పదో తరగతికి రెండు వాట్సాప్ గ్రూపులు ఉండేవి. ఒకటి సార్లు ఉన్న గ్రూపు. అందులో అందరం "గుడ్ మార్నింగ్ సార్" అని గులాబీ పూలు పెట్టేవాళ్లం. రెండోది సార్లు లేని గ్రూపు. అసలు జీవితం అక్కడ నడిచేది. దాన్ని మొదలుపెట్టింది ఎరువుల దుకాణం ఆయన కొడుకు. అందుకని వాణ్ని అందరూ అడ్మిన్ అనే పిలిచేవాళ్లు. (వాడి అసలు పేరు హాజరు పిలిచేటప్పుడు వినపడితే ఎవరో కొత్త పిల్లాడు చేరాడేమో అనిపించేది.) వాడు మంచి మాటకారి, బాగా నవ్వించేవాడు. వాడి నవ్వులు వేరేవాళ్ల మీద ఉన్నన్నాళ్లూ నేనూ పళ్లికిలించినవాణ్నే కాబట్టి వాడి ప్రతిభను ఇప్పుడు తక్కువ చేసి చెప్పను.

ఆ ఏడు పంద్రాగస్టు నాడు ముఖ్య అతిథిగా వచ్చిన పెద్దాయన దేశం గురించి మొదలుపెట్టి, తన చిన్నతనం మీదుగా, మా ఊరి రోడ్ల దాకా వచ్చినా ఆపలేదు. ఎండ మండిపోతోంది. లడ్డూల బుట్ట కళ్ల ముందే ఉంది గానీ ఇంకా గుడ్డ తీయలేదు. నాకు ఆవులింత వచ్చింది. మామూలు ఆవులింత కాదు, కళ్లు మూతపడి, కొండనాలుక బయటి ప్రపంచాన్ని చూసేంత ఆవులింత. సరిగ్గా అప్పుడే పక్క వరసలోంచి అడ్మిన్ ఫోటో తీశాడు. నేను ఇంటికి వెళ్లి లడ్డూ తినేలోపు నా ముఖం స్టిక్కర్ అయిపోయింది. నిజాంసాగర్‌లో మొసళ్లున్నాయని బెదిరించి మమ్మల్ని చిన్నప్పటి నుంచీ నీళ్లలోకి దిగనిచ్చేవాళ్లు కాదు కాబట్టి మొసలి మాకు బాగా తెలిసిన జంతువు. ఆ సాయంత్రం నుంచి నేను మొసలినైపోయాను.

మొదటిరోజు నేనూ నవ్వాను. నవ్వకపోతే ఇంకా ఎక్కువ చేస్తారని ఎవరికి తెలియదు? కానీ రోజులు గడిచినా అది ఆగలేదు. లెక్కల పరీక్ష ఎప్పుడని ఎవరైనా అడిగితే జవాబుగా నా ఆవులింత. వాన పడుతుందా అంటే నా ఆవులింత. ఎవరి తాతో చనిపోయాడని ఒకడు రాస్తే దాని కింద కూడా నా ఆవులింతే, పాపం ఆ తాత. తరగతిలో నేను లేచి నిలబడితే చాలు, వెనక బెంచీ మొత్తం నోళ్లు తెరిచి కూర్చునేది. గ్రూపులోంచి బయటికి వస్తే నిమిషంలో మళ్లీ చేర్చేవాళ్లు. చేర్చకపోతే నేను లేనప్పుడు ఏమంటున్నారో అని ఇంకా భయం. ఫోను కుయ్‌మంటే గుండె దడ, కుయ్‌మనకపోతే ఇంకా దడ. అన్నం తింటూ చూసేవాణ్ని, ఆపేసేవాణ్ని, మళ్లీ చూసేవాణ్ని. ఒకచోట కుదురుగా కూర్చోలేకపోయేవాణ్ని. బడిలో అందరూ మాస్కులు తీసేశాక నేను పెట్టుకోవడం మొదలుపెట్టాను. (సైన్సు సారు నన్ను నిలబెట్టి జాగ్రత్త అంటే ఇదీ అని మెచ్చుకున్నాడు, చప్పట్లు కూడా కొట్టించాడు.) ఆ మాస్కు కింద నేను ఎన్నిసార్లు ఏడ్చానో సారుకు తెలియదు.

తర్వాత పొద్దున్నే కడుపునొప్పి రావడం మొదలైంది. అది దొంగ కడుపునొప్పి కాదు, నిజంగానే మెలిపెట్టేది. బడి గంట దాటగానే తగ్గిపోయేది. మా అవ్వ (మా దిక్కు కన్నతల్లినే అవ్వ అంటాం) ఒళ్లో బీడీల చేట పక్కకు పెట్టి, నాకు వాము నీళ్లు తాగించింది, దిష్టి తీసింది, ఆర్‌ఎంపీ దగ్గరికి తీసుకెళ్లి సూది వేయించింది. "ఎవలన్న ఏమన్న అన్నరా బిడ్డా?" అని అడిగింది కూడా. "లేదవ్వా" అన్నాను. చెప్తే ఫోను గుంజుకుంటుంది, బాపుకు చెప్తుంది, బాపు అక్కడ ఒంటరిగా పరేషాన్ అవుతాడు. ఇవన్నీ తూకం వేసుకుని చివరికి పదో తరగతిని వదిలేయడమే చవక అని తేల్చుకున్నాను. ఒక శనివారం బడి బట్టలు వేసుకుని, సంచి భుజాన తగిలించుకుని, బడి దాటి నేరుగా బస్టాండుకు పోయి కామారెడ్డి బస్సెక్కాను.

కామారెడ్డిలో మా మామకు ఫ్లెక్సీల దుకాణం ఉంది. మామ దృష్టిలో ఫ్లెక్సీ పడనిది ఏదీ జరిగినట్టు కాదు. పుట్టినా, పెళ్లయినా, పదవి వచ్చినా, పోయినా అంతే. ఫ్లెక్సీలో నడిమధ్యన ఎవరి పండగో వాళ్ల పెద్ద బొమ్మ, కింద "శుభాకాంక్షలతో" అని వరసగా అభిమానుల చిన్న బొమ్మలు. ఆ చిన్న బొమ్మల్లో ఎవరిది ముందు, ఎవరిది పెద్దది అనే దాని మీద మామ దుకాణంలో రోజూ తగాదాలు అయ్యేవి. మామ సగం జీవితం జనం తలకాయలను కొలిచి సర్దడంతోనే గడిచిపోయింది. నేను వెళ్లేసరికి కంప్యూటర్ ముందు కూర్చుని ఎవరిదో బొమ్మను మెడ చుట్టూ కత్తిరిస్తున్నాడు.

"ఏం అల్లుడా, బడి లేదా?"

"నాకు చదువొద్దు మామా. నన్ను ఈడనే పనిల పెట్టుకో."

"పెట్టుకుంట తియ్యి. గని ఎందుకో చెప్పు."

నేను చెప్పలేదు. నా బదులు నా ఫోను చెప్పింది. బల్ల మీద అది కుయ్, కుయ్ అంటూనే ఉంటే మామ చేతిలోకి తీసుకుని చూశాడు. నేను గుంజుకోబోయాను, ఆయన ఎడమ చేత్తో నన్ను ఆపి కుడిచేత్తో పైకి జరుపుకుంటూ పోయాడు. పోతూనే ఉన్నాడు.

"ఎప్పటి సంది?"

"పంద్రాగస్టు సంది."

"మీ అవ్వకు చెప్పినవా?"

తల అడ్డంగా ఊపాను. ఊపుతూనే ఏడుపు ముంచుకొచ్చింది. మామ లేచి దుకాణం షట్టర్ సగం దింపాడు, నేను ఏడవడం బజారుకు కనపడకుండా. నాకు చాయ్ తెప్పించి, అవ్వకు ఫోన్ చేసి "పిలగాడు నా దగ్గరనే ఉన్నడక్కా, పరేషాన్ గాకు" అని చెప్పి, నా దిక్కు తిరిగాడు.

"పనిల పెట్టుకుంట అన్న గదా, మాట తప్ప. గని రేపు నాతోని ఎల్లారెడ్డి రా. ఒక ఫ్లెక్సీ కట్టేదుంది. కట్టినంక గూడ ఈడికే వస్త అంటె నేనేం అన."

మర్నాడు ఆదివారం. మామ బండి నడుపుతున్నాడు, వెనక నేను, నా ఒళ్లో అడ్డంగా పొడుగ్గా చుట్టిన ఫ్లెక్సీ. లింగంపేట దాకా గాలికి అది కొట్టుకుంటూనే ఉంది, దాన్ని పట్టుకోలేక నా చేతులు పీకాయి. "గింత పెద్దది ఎవల్ది మామా?" అని అడిగాను. "ఉన్నడు, ఒక పెద్దమనిషి" అన్నాడు. ఎల్లారెడ్డి దగ్గరపడేకొద్దీ ఎవరైనా చూస్తారేమోనని మాస్కు కళ్ల దాకా లాక్కుని, ఆ చుట్ట వెనకే తల దాచుకుంటూ కూర్చున్నాను.

చౌరస్తాలో రెండు స్తంభాల మధ్య మామ తాళ్లు కట్టాడు. (అనుమతి సంగతి నన్ను అడగకండి, నేనప్పుడు మైనర్‌ని.) "అల్లుడా, ఇగ ఇడువు" అన్నాడు. వదిలాను. ఫ్లెక్సీ దబ్బున విచ్చుకుంది. దాని నిండా నేను. కళ్లు మూసుకుని, దుకాణం షట్టరంత నోరు తెరిచి ఆవులిస్తున్న నేను. పైన మెరుపు అక్షరాలతో "మా ముద్దుల మొసలికి జన్మదిన శుభాకాంక్షలు". కింద శుభాకాంక్షలతో అని ఆ గ్రూపులో నన్ను ఎక్కువగా ఏడిపించినవాళ్లందరి బొమ్మలు, వాళ్ల డీపీల్లోంచి తీసి, ఒక్కొక్కరి కింద పేరుతో సహా. మధ్యలో మిగతావాళ్లకన్నా పెద్దగా, నల్ల కళ్లద్దాలతో, "గ్రూప్ అడ్మిన్".

నాకు భూమి చీలితే బాగుండుననిపించింది. చీలలేదు. "మామా, నన్ను సంపినవ్ గదనే!" అని అరిచి పక్కనున్న ఆటో వెనక్కి దూరాను. ఆటోలవాళ్లు, చాయ్ తాగేవాళ్లు చుట్టూ చేరారు. నా ఆవులింతను చూసి నవ్వారు, నిజం చెప్పాలంటే బాగానే నవ్వారు. కానీ మా ఊళ్లో ఫ్లెక్సీ చూసేవాళ్ల కళ్లు నడిమి బొమ్మ మీద ఎంతోసేపు నిలవవు. కిందికి దిగుతాయి. "గీడు ఎరువుల దుకాణపాయన కొడుకు గదా?" "గీ పిలగాడు మా బావమరిది కొడుకేనే, గింత చిన్నగ ఏసిండ్రేంది?" అని మొదలైంది. నా నోటి గురించి మాట్లాడటం మానేసి ఎవరి తల ఎంత ఉందో కొలుచుకోసాగారు. మధ్యాహ్నానికల్లా ఇద్దరు తండ్రులు వచ్చి తమ పిల్లలను మూలకు ఎందుకు నెట్టారని మామతో తగాదా పెట్టుకున్నారు. అడ్మిన్ తండ్రి మాత్రం ఫ్లెక్సీ కింద నిలబడి, కొడుకు బొమ్మతో సెల్ఫీ దిగి మురిసిపోతూ వెళ్లాడు.

మురిసిపోయినవాడు ఊరుకుంటాడా? ఫ్లెక్సీ వేసి కేకు కోయకపోతే ఇజ్జత్ పోతుందని, సాయంత్రం ఎండ తగ్గకముందే కొడుకును, ఆ వరసలోని మిగతా పిల్లలను వెంటేసుకుని, కేకు పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. అవ్వ చేట ముందు కూర్చుని బీడీలు చుడుతోంది. మామ గోడకు ఆనుకుని పళ్లు కుట్టుకుంటున్నాడు, నేను మాస్కు తీయకుండా ఓ మూలన కూర్చున్నాను. అడ్మిన్ ముఖం చూస్తే వాడికే కడుపునొప్పి వచ్చినట్టుంది.

"పుట్టినరోజు ఏందన్నా? నా కొడుకు పుట్టింది ఎండకాలంల" అంది అవ్వ.

"చౌరస్తాల గంత పెద్ద ఫ్లెక్సీ ఉంటె పుట్టినరోజు గాకుంటె ఏందే చెల్లె?" అన్నాడాయన. తర్వాత కేకు కిందపెట్టి, ఏదో గుర్తొచ్చినట్టు, "గని మొసలి అని ఎందుకు రాసిండ్రు?" అని అడిగాడు.

పిల్లలంతా కేకు వైపు చూస్తున్నారు. మామ పుల్ల పారేసి, "మా అల్లునికి ఎరుకే. చెప్తడు" అన్నాడు.

పారిపోదామని గుమ్మం వైపు చూశాను కూడా. కానీ చౌరస్తాలో ఊరంతా నా కొండనాలుకను చూసేసింది, ఇంక దాచుకోవడానికి ఏముంది? మాస్కు తీసేసి చెప్పాను. స్టిక్కర్ గురించి, వెనక బెంచీ గురించి, తాత చావు గురించి, కామారెడ్డి బస్సు గురించి. అడ్మిన్ తండ్రి కొడుకు ఫోను అడిగి తీసుకుని చూశాడు. చూస్తుండగానే పొద్దుటి మురిపెం అంతా ముఖంలోంచి దిగిపోయింది. చెయ్యెత్తాడు.

"ఆగన్నా!" అని అవ్వ అడ్డం లేచింది. ఒళ్లోని తునికాకు, తంబాకు అంతా నేలపాలైంది. "పుట్టినరోజు నాడు పిల్లలను కొడ్తరా?"

ఎండాకాలంలో పుట్టిన కొడుకు పుట్టినరోజును ఆ విధంగా మా అవ్వే ఖాయం చేసింది. తర్వాత నన్ను దగ్గరికి లాక్కుని, వీపు మీద ఒకటి చరిచి, "నాకు చెప్పద్దారా? నేనేమన్న రాయినా?" అని భోరుమంది. నేనూ భోరుమన్నాను. కేకు కోసేటప్పుడు అడ్మిన్ నా పక్కకు వచ్చి, నేలచూపులు చూస్తూ, "నువ్వు గూడ నవ్వుతున్నవ్ అనుకున్నరా. మాస్కుల కనపడలె" అన్నాడు. అది నిజమో, తప్పించుకోవడానికి అన్నమాటో నాకు ఇప్పటికీ తెలియదు. కేకు ముక్క మాత్రం పెద్దదే పెట్టాడు.

సోమవారం మామే బడికి వచ్చి క్లాస్ మేడమ్‌కు అంతా చూపించాడు. ఆమె పిల్లలందరినీ, తల్లిదండ్రులనూ పిలిపించి కూర్చోబెట్టింది, సార్లు లేని గ్రూపు ఆ రోజే మూతపడింది. మొసలి అనే పేరు మాత్రం పూర్తిగా పోలేదు. కానీ ఫోన్లో దొంగచాటుగా పంపుకునే బొమ్మ రోజూ బడికి పోయే దారిలో వేలాడుతుంటే దానికి ఎవడు నవ్వుతాడు? కడుపునొప్పి కొన్నాళ్లు వచ్చి, తర్వాత రావడం మానేసింది. పదో తరగతి పాసయ్యాను. ఇప్పుడు డిగ్రీ చదువుకుంటూ సెలవుల్లో మామ దుకాణంలోనే తలకాయలు కత్తిరిస్తున్నాను. ఆ రోజు అదంతా కావాలనే చేశావా, లేక గట్లనే కలిసొచ్చిందా అని ఎన్నిసార్లు అడిగినా మామ చెప్పడు. ఎవరినైనా ఆ వరసలో పెట్టాలంటే ముందు వాళ్లను అడగాలి మామా అని నేను ఇప్పుడు పెద్దరికం చూపిస్తే, "అడిగితె వాళ్లు ఒప్పుకుందురా?" అంటాడు.

ఆ ఫ్లెక్సీ ఇప్పుడు మా అవ్వ మక్కజొన్నల కుప్ప మీద కప్పుతోంది. ఎండకు అడ్మిన్ కళ్లద్దాలు వెలిసిపోయాయి, చుట్టూ ఉన్నవాళ్ల పేర్లు చెరిగిపోయాయి. నా నోరు మాత్రం అట్లాగే ఉంది. వాన పడితే నీళ్లన్నీ అందులోనే నిలుస్తాయని అవ్వ ఫోన్లో విసుక్కుంటుంది. ఆ ఏడాది నేను నోరు తెరిచి ఉన్న ఫోటో అదొక్కటే, మిగతా అన్నింట్లో మాస్కే. అప్పుడప్పుడు లింగంపేట మీదుగా బస్సులో ఇంటికి పోతుంటే, బండి వెనక కూర్చుని తన ముఖాన్నే చుట్టగా ఒళ్లో పెట్టుకుని, దాని చాటునే దాక్కుంటూ పోయిన ఆ పిల్లాడు గుర్తొస్తాడు. "ఎవల్ది మామా?" అని వాడు అడుగుతుంటే నాకు నవ్వొస్తుంది, కళ్లలో నీళ్లూ తిరుగుతాయి. వాడి చెవిలో చెప్పాలనిపిస్తుంది: గట్టిగ పట్టుకోరా, అది నీదే.