పాలిపోయిన పై సాళ్లు

ఆ పొద్దున బర్రె పాలు పితికి తోటకు వెళ్లేసరికి గొడ్డలి చప్పుడు వినిపించింది. ఎవరో కంప కొడుతున్నారనుకున్నాను. గట్టు ఎక్కి చూస్తే మా ఆయన. పై సాళ్లలో మూడు చీనీ చెట్లు నేల మీద పడి ఉన్నాయి. నాలుగోదాని మాను సగం తెగింది. ఐదేళ్ల బత్తాయి చెట్లవి. ఆ ఏడాదే తొలికాపు రావాల్సింది.

"ఏం చేస్తాండావప్పా?" అని అరిచాను.

"ఇవి బతికేటివి గావు. కొట్టేసి శెనక్కాయ ఏసుకుందాం," అన్నాడు, నా వైపు చూడకుండానే.

ఆయన ఐదో చెట్టు దగ్గరికి నడిచాడు. నేను పరుగెత్తి వెళ్లి దాని మానును పట్టుకున్నాను. చీనీ ముళ్లు మోచేతుల్లో దిగాయి.

"ఒక్క నెల నాకియ్యి. నెల తర్వాత గూడా కొట్టాలంటే నేనే కొమ్మలు లాగి గట్టు మీద పారేస్తా."

 ఆయన గొడ్డలి అక్కడే వదిలేసి ఇంటికి పోయాడు. 

మాది బెళుగుప్ప దగ్గర పల్లె. మా ఆయన పన్నెండేళ్లు తాడిపత్రిలో బండల పాలిషింగ్ పని చేశాడు. ఆ దుమ్ముకు దగ్గు పట్టుకుంది. ఇంకా ఆ పని చేస్తే ఊపిరితిత్తులు మిగలవని డాక్టరు చెప్పాక ఊరికి తిరిగొచ్చి, ఉన్న నాలుగెకరాల్లో బోరు వేయించి చీనీ పెట్టాడు. ఒక్కొక్క మొక్కనూ తనే ఎంచి తెచ్చాడు. బండలు కోసిన చేతులతో పాదులు చేస్తూ, ఏ చెట్టు ఏ రోజు చిగురేసిందో సాయంత్రం నాకు చెప్పేవాడు. అన్నేళ్లూ పండక్కో పబ్బానికో వచ్చిపోయిన మనిషి, రోజూ నా పక్కన కూర్చుని అన్నం తింటూ చెట్ల సంగతి చెబుతుంటే నాకు అదే చాలనిపించేది.

మూడో ఏడు పై సాళ్లలో చిగుళ్లు తేడాగా వచ్చాయి. లేత ఆకు పసుపు పూసినట్టు ఉంది. ఈనెలు మాత్రం ఆకుపచ్చగా, వల పరిచినట్టు కనిపించేవి. ముదురాకులు బాగానే ఉన్నాయి. పోను పోను కొత్త ఆకు తెల్లగా పాలిపోయి, అంచులు మాడి, కొమ్మలు పైనుంచి ఎండుతూ వచ్చాయి. కింది సాళ్లు చూస్తే నల్లగా నిగనిగలాడుతున్నాయి. అదే మొక్క, అదే ఎరువు, అదే బోరు.

దిష్టి అన్నారు, గుమ్మడికాయ కట్టాం. మందుల అంగట్లో యూరియా వేయమన్నారు, వేశాం. నీళ్లు చాల్లేదని మా ఆయనకు అనిపించి, డ్రిప్పు గంటలు రెట్టింపు చేశాడు. ఎంత తడిపితే అంత పాలిపోయాయి. చివరికి ఆయన ఆ వైపు నడవడం మానేశాడు. అన్నం దగ్గర చెట్ల మాట కూడా మానేశాడు. అలా ఏడాదిన్నర గడిచాక చేతిలోకి వచ్చింది ఆ గొడ్డలి.

నెల గడువు అడిగానేగాని ఏం చేయాలో నాకు తెలియదు. మరుసటి రోజు, మాకు మొక్కలు అంటుకట్టి ఇచ్చిన సాయిబన్న ఇంటికి వెళ్లాను. అరవై దాటిన మనిషి. చుట్టుపక్కల తోటల్లో సగం ఆయన చేతి అంట్లే. వెంటనే నాతో వచ్చాడు. పై సాళ్లలో ఒక పాదు దగ్గర కూర్చుని గునపంతో మట్టి పెకిలించి, వేళ్ల మధ్య నలిపి చూశాడు.

"చెల్లీ, బాత్రూంలో పోసే యాసిడ్ ఉండాదా ఇంట్లో?"

తెచ్చి ఇచ్చాను. నాలుగు చుక్కలు మట్టి మీద వేశాడు. మట్టి బుసబుసమని పొంగి నురగ కక్కింది. కింది సాళ్లలో అదే యాసిడ్ వేస్తే మట్టి తడిసింది, అంతే.

"ఇది సుద్ద. అంతా సున్నమే. మొక్కలియ్యక ముందు నేనొచ్చి చూసినప్పుడు ఈడ మోకాలి లోతు ఎర్రమన్ను ఉండె కదమ్మా. యాడికి పోయింది?"

 ఎక్కడికి పోయిందో నాకు తెలుసు.

మా చేను ఏటవాలుగా ఉండేది. చీనీ పెట్టకముందు, డ్రిప్పు లేని తొలి రోజుల్లో, శెనక్కాయకు కాలువల్లో నీళ్లు తిప్పేది నేనే. పైన నిలవకుండా నీళ్లన్నీ కిందికి పోయేవి. పార పట్టుకుని కట్టలు వేసీ వేసీ నడుము పోయేది. చదును చేయించమని రోజూ సతాయించాను. చేయించకపోతే చేన్లో అడుగు పెట్టనని కూడా అన్నాను. మొక్కలు పెట్టే ముందు జేసీబీ వచ్చి రెండు రోజుల్లో పై మట్టినంతా కిందికి తోసింది. పైన తెల్లటి నేల తేలింది. శుభ్రంగా, ముగ్గుపిండి చల్లినట్టు ఉందని నేను మురిసిపోయాను.

ఆ సంగతి సాయిబన్నకు చెప్పలేదు. మా ఆయనకూ చెప్పలేదు. ఆకులు, రెండు వైపుల మట్టి, సీసాలో బోరు నీళ్లు సంచిలో వేసుకుని అనంతపురం బస్సెక్కాను.

మట్టి పరీక్ష చేసే చోట ఒక మేడమ్ ఉంది. వయసు నా కూతురంత. మట్టీ నీళ్లూ పరీక్షించి, ఆకును వెలుతురుకు పట్టి చూసి, "ఇది ఇనుము లోపం అమ్మా," అంది.

"మా నేలలో ఇనుము లేదా?"

"ఉంది. సున్నం ఎక్కువై అది వేరుకు అందడం లేదు. మీ బోరు నీళ్లలో కూడా సున్నమే కాబట్టి, నీళ్లు ఎక్కువ పెట్టేకొద్దీ ఇంకా అందదు."

"నయమైతాదా?"

ఆ అమ్మాయి నిజమే చెప్పింది. "నయం కాదమ్మా. నేలను మార్చలేం. ప్రతి చిగురుకూ చూసుకుంటూ ఉండాలి. చూసుకుంటే చాలా చెట్లు నిలబడతాయి."

లీటరు నీళ్లకు రెండున్నర గ్రాముల అన్నభేది, అంటే ఇనుము ఉప్పు, ఒక గ్రాము నిమ్మ ఉప్పు కలిపి లేత ఆకుల మీద కొట్టమని కాగితం మీద రాసిచ్చింది. ఎండ తగ్గాక కొట్టాలని, బోరు నీళ్లు వాడొద్దని, కలిపింది ఆ పూటే అయిపోవాలని చెప్పింది.

నాకు తొందర. నెలలో పది రోజులు అప్పటికే పోయాయి. అన్నభేది రెట్టింపు వేస్తే రెట్టింపు పని చేస్తుందనుకుని, మధ్యాహ్నం పూటే ట్యాంకు వీపుకు తగిలించుకుని ఒక సాలు మొత్తం కొట్టాను. రెండో రోజుకు లేత ఆకులన్నీ నల్లటి మచ్చలు పడి మాడిపోయాయి. ఆ సాలు మధ్యలో కూలబడిపోయాను. నేల పాడు చేసింది నేనే, ఇప్పుడు ఆకు కాల్చిందీ నేనేనని లోలోపల అనుకుంటూ ఏడ్చాను.

వెనక నుంచి మా ఆయన గొంతు వినిపించింది. "రెండున్నర అని రాసిండారు. నువ్వు ఐదు ఏసినావు."

తిరిగి చూశాను. చేతిలో మేడమ్ రాసిచ్చిన కాగితం ఉంది. నేను లేనప్పుడు తీసి చదివాడన్నమాట.

"రేపు నేను కలుపుతా," అన్నాడు.

మరుసటి రోజు ఊళ్లోని మినరల్ నీళ్ల ప్లాంటు నుంచి మూడు క్యాన్లు బండి మీద తెచ్చాడు. ప్లాంటు దగ్గర ఆడవాళ్లు, "ఏమన్నా, మీ చెట్లు మినరల్ నీళ్లే తాగుతాయంటనే?" అని నవ్వారట.  ఆయన వంటింటి తక్కెడలో అన్నభేది తూచి, నిమ్మ ఉప్పు కరిగించాక అందులో కలిపి, పొద్దు వాలాక కొట్టాడు. ట్యాంకు మోస్తే దగ్గు వస్తుందని సగం సాళ్లు నేను తీసుకున్నాను. మిగిలిన మందు బకెట్లో ఉంచితే తెల్లారేసరికి తుప్పు రంగుకు తిరిగింది. పారబోశాం.

రెండు వారాలకు మొదటి తేడా కనిపించింది. ఆకుల మీద చుక్కలు చుక్కలుగా ఆకుపచ్చ తేలింది, మందు తగిలిన చోట మాత్రమే. మా ఆయన ఒక ఆకును వెలుతురుకు తిప్పి చూశాడు.

సాయిబన్న సలహా మీద, మానుకు దూరంగా చెట్ల చుట్టూ కాలువలు తీసి, మాగిన పేడ ఎరువులో అన్నభేది కలిపి నింపాం. డ్రిప్పు గంటలు తగ్గించాం. ఆ కాలువలు తవ్వుతున్నప్పుడే, ఒక మధ్యాహ్నం, ఇక దాచుకోలేక చెప్పేశాను.

"చదును చేయించమని ప్రాణం తీసింది నేనే. నా వల్లనే పోయినాయి చెట్లు."

ఆయన పార ఆపాడు.

"నీ వల్ల కాదు మే. పై మన్ను పక్కకు తీసిపెట్టి, చదునైనాక మళ్లా పరుస్తానని ఆ జేసీబీ డ్రైవరే చెప్పినాడు. ఇంకో రోజు పట్టుతుందంటే నేనే వద్దంటి. తోసెయ్ అంటి." పార గట్టున పెట్టి అన్నాడు, "చెట్లను చూసినప్పుడల్లా అదే గుర్తుకొస్తాండె. అందుకే కొట్టేద్దామనుకుంటి."

ఆయన రెండేళ్లుగా, నేను ఈ కొన్ని రోజులుగా, ఒకే ఇంట్లో, ఒకే కంచం ముందు, ఒకే తప్పును చెరొకరం దాచుకుని తిరిగాం. ఆయన చెప్పాక నా బరువు దిగుతుందనుకున్నాను. దిగలేదు. ఆయన బరువు కూడా తెలిసింది, అంతే. కానీ ఆ సాయంత్రం అన్నం దగ్గర, ఏ చెట్టు చిగురు తిరిగిందో ఆయన చెప్పాడు. నేను విన్నాను.

ఇది జరిగి నాలుగేళ్లయింది. నెల గడువు సంగతి ఇద్దరిలో ఎవరూ మళ్లీ ఎత్తలేదు. అన్ని చెట్లూ దక్కలేదు. ఆయన నరికినవి కాక ఇంకో తొమ్మిది ఎండిపోయాయి. వాటి చోట సీతాఫలం పెట్టాం, అది ఆ నేలకు ఓర్చుకుంటోంది. సాళ్ల మధ్య జనుము చల్లి, పూతకు ముందే కోసి పాదుల్లో పరుస్తాం. మిగిలిన పై సాళ్ల చెట్లు కాస్తున్నాయి. కాయ కింది వాటంత ఉండదు. చిగురేసిన ప్రతిసారీ మందు కొట్టాల్సిందే. ఒక చిగురు వదిలేస్తే మళ్లీ మొదటికొస్తుంది.

ఈ వానలకు వచ్చిన చిగుళ్లలో ఏడు చెట్లు పాలిపోయాయి. నిన్న సాయంత్రం వాటిలో నాలుగు చెట్లకు మందు కొట్టాం. గాలి లేవడంతో మిగిలిన మూడూ ఈ రోజుకు వాయిదా వేశాం.