అన్నాచెల్లెళ్లకు ఒకే కంప్యూటర్

అప్పట్లో ఒమన్‌లో, రూవి అనే చోట ఒక కంప్యూటర్ షాపులో మెషీన్లు కట్టే పని నాది. అంతకు ముందు రెండేళ్లు సైట్‌లో ఎలక్ట్రీషియన్ కింద ఎండలో వైర్లు లాగాను. అందుకే ఏసీ కింద కూర్చుని చిన్న స్క్రూడ్రైవర్‌తో చేసే ఆ పని నాకు డ్యూటీలా అనిపించేది కాదు. కొత్త మదర్‌బోర్డు కవరు చింపగానే ఒక వాసన వచ్చేది. ఇప్పటికీ ఏ కొత్త పెట్టె విప్పినా నా ముక్కు ఆ వాసననే వెతుక్కుంటుంది.

ఒక శనివారం పొద్దున, షాపు తెరిచీ తెరవగానే ఒమనీ అన్నాచెల్లెళ్లు వచ్చారు. అన్న బ్యాంకులో ఉద్యోగి, భారీ మనిషి. చెల్లెలు సన్నగా, ఒళ్లంతా కప్పే నల్లటి అబాయాలో, చేతిలో నోట్‌బుక్కుతో ఉంది. వాళ్ల వెనక ఇంట్లో పనిచేసే నడివయసు ఆవిడ ఒకరు నిలబడి ఉన్నారు. అన్నాచెల్లెళ్లిద్దరూ డబ్బు కలిపి ఒక్కటే కంప్యూటర్ కట్టించుకోవాలని వచ్చారు. అన్నకి ఆటలు కావాలి. చెల్లెలికి పెళ్లి వీడియోలు ఎడిట్ చేసుకోవాలి. అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్ల హాలు వేరు. అందులోకి మగ కెమెరామన్ పోకూడదు, తీసిన టేపు మగవాడి కంట పడకూడదు. అందుకని ఆ అమ్మాయే వెళ్లి తీసి, ఇంట్లో కూర్చుని తనే ఎడిట్ చేసేది.

"గ్రాఫిక్స్ కార్డు పెద్దది పెట్టు సదీక్. కార్లు తిరగబడితే అద్దం పెంకులు కూడా కనిపించాలి" అన్నాడు అన్న హిందీలో. ఆయనకి ప్రతివాడూ సదీకే, అంటే స్నేహితుడే.

"ముందు ప్రాసెసర్. నాలుగు కోర్లది. ర్యామ్ నాలుగు జీబీ. హార్డ్ డిస్కులు రెండు, టేపు ఒకదాంట్లోకి ఎక్కాలి, సినిమా ఇంకోదాంట్లో తయారవ్వాలి" అంది చెల్లెలు ఇంగ్లీషులో, నోట్‌బుక్కు చూసుకుంటూ. పార్టుల గురించి నాకంటే ఎక్కువే చదువుకుని వచ్చింది.

నేను కార్డు పెంచితే ఆమె డిస్కు తగ్గేది. డిస్కు పెంచితే ఆయన మొహం ముడుచుకునేది. మూడు కాగితాలు రాసి చింపేశాక నాకు తెలియకుండానే గొణిగాను: "వీళ్ల పంచాయితీ ఇప్పట్ల ఒడిసేటట్టు లేదు."

వెనక నిలబడ్డ ఆవిడ ఫక్కున నవ్వింది. "ఒడిస్తే గదా నాయనా! ఇంట్లో గూడా వారం దినాల నుంచి ఇదే రగడ."

కడప జిల్లా ఆవిడట. ఆ మాట వినగానే నాకు ప్రాణం లేచొచ్చింది. "అక్కా, నువ్వే చెప్పు, ఏం చేద్దాం?" అన్నాను.

"పాపకు తక్కువ చెయ్యొద్దు నాయనా. ఆ పాత మిషన్ మీద ఒక పాట అతికించాలంటే కుంకుడుకాయలు నానినంత సేపు కూసోవాల. పెద్దాయప్పది ఆటే గదా, ఆడుకుంటాడులే."

చివరికి ఇద్దరినీ ఒప్పించాను. ఆమె అడిగిన ప్రాసెసరూ, ర్యామూ, రెండు డిస్కులూ. ఆయన అడిగిన కార్డు, ఇటుకంత పొడుగుది. ఎక్కడో ఒకచోట తగ్గించాలి కదా. పార్టులన్నిటికీ కరెంటు అందించే పవర్ సప్లై మాత్రం క్యాబినెట్‌తో పాటు వచ్చే చవకది చాల్లే అనుకున్నాను. అది ఎవరికీ కనబడదు, ఎవరూ అడగరు. వాళ్లూ అడగలేదు.

ఆ మెషీన్ కట్టిన రోజు మధ్యాహ్నం షాపు మూసే వేళ కూడా నేను బల్ల దగ్గరి నుంచి లేవలేదు. ప్రాసెసర్ మీద వేడి లాగే పేస్టు బియ్యపుగింజంత పెట్టి, పైన ఫ్యాను బిగించి, వైర్లన్నీ జడ అల్లినట్టు వెనక్కి కట్టాను. స్విచ్ నొక్కితే ఒక్క బీప్. పక్క అద్దంలోంచి నీలం లైటు వెలిగింది. నాకోసం నేను కూడా నెలకొక పార్టు కొనుక్కుని రూమ్‌లో మంచం కింద దాచుకుంటున్న రోజులవి. అలాంటిది నాకెప్పుడు అవుతుందా అని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను.

అల్ ఖువైర్‌లోని వాళ్లింటికి తీసుకెళ్లి పెట్టాను. అన్న ఆట ఆడి చూశాడు. కారు తిరగబడింది, అద్దం పెంకులు కనిపించాయి. నా వీపు మీద గట్టిగా చరిచాడు.

మూడు వారాలకి ఫోను. అన్న గొంతు వేరుగా ఉంది. "నీ మెషీన్ ఆగిపోతోంది. వెంటనే రా."

వెళ్లేసరికి చెల్లెలు ఇంట్లో లేదు. ఇంకో పెళ్లి తీయడానికి సూర్ అనే ఊరికి వెళ్లింది. తయారు కావలసిన వీడియో వేరే వాళ్లది. పెళ్లికూతురి తల్లి మర్నాడు సాయంత్రం డీవీడీ కోసం వస్తుంది. సినిమా తయారయ్యే పని మొదలుపెడితే సగంలో మెషీన్ టప్పున చచ్చిపోతోంది. అన్న ఆటలోనూ రెండుసార్లు ఆగిందట గానీ, కరెంటు పోయిందేమో అనుకున్నాడట.

ఆ స్క్రీన్ నేను చూడకూడదు. పరాయి ఆడవాళ్లు కాబట్టి అన్న కూడా చూడకూడదు. వాళ్లమ్మకి నా భాష రాదు. మిగిలింది అక్క. మానిటర్‌ని గోడవైపు తిప్పి పెట్టాం. అక్క గోడకీ టేబుల్‌కీ మధ్య ఇరుక్కుని నిలబడింది. నేను ఇటువైపు నేల మీద, క్యాబినెట్ ముందు. అన్న గుమ్మంలో మాకు వీపు తిప్పి కుర్చీలో.

"పాప నొక్కమని చూపించిన కాడ నొక్కినా నాయనా. గీత ఒకటి జరగతాండాది. పక్కన నంబర్లు ఉండాయి. పన్నెండు... పదమూడు..."

అక్కకి ఇంగ్లీషు రాదు గానీ, ఊరికి ఫోన్లు చేసి చేసి అంకెలు వచ్చేశాయి.

"బొమ్మ గూడా వస్తాండాది. పెండ్లికూతురు పచ్చ గుడ్డ కప్పుకోని కూసోనుండాది. చేతులకు మోచేతుల దాకా గోరింటాకు. ఇరవై ఎనిమిది. ఎవురో ముసిలామె ఏడస్తాండాది నాయనా, అవ్వేమో."

"అక్కా, అవన్ని చెప్పకు, నంబరు చెప్పు" అన్నాను అన్న వీపు చూస్తూ.

"చెప్తాండా గదా. నలభై ఒకటి... అయ్యో, పాయ!"

క్యాబినెట్ పక్క తలుపు తీసి టేబుల్ ఫ్యాను పెట్టాం. ఈసారి నలభై నాలుగు దగ్గర పోయింది. ప్రాసెసర్ మీది ఫ్యాను బాగానే తిరుగుతోంది. పైన పవర్ సప్లై డబ్బా మీద చెయ్యి పెట్టాను. చురుక్కుమంది. సన్నగా కాలిన వాసన. నాకు విషయం అర్థమైపోయింది. ఆ ప్రాసెసర్నీ, ఇటుకంత కార్డునీ ఆ చవక డబ్బా మోయలేకపోతోంది.

పార్టు చెడిపోయిందని ఒక్కమాట అంటే సరిపోయేది. ఎవరికీ తెలిసేది కాదు. కానీ ఆ నోట్‌బుక్కు పట్టుకుని నిలబడ్డ అమ్మాయి గుర్తొచ్చింది. అన్న దగ్గరికెళ్లి చెప్పాను. "తప్పు నాదే. మీరడిగినవన్నీ ఇమడ్చాలని పవర్ సప్లై దగ్గర తగ్గించాను. మీకు చెప్పి ఉండాల్సింది."

ఆయన నావైపు తిరిగాడు. "నిన్ను నమ్మి వచ్చాం కదా" అన్నాడు. ఈసారి సదీక్ అనలేదు.

అంత బరువు మోసే పవర్ సప్లై ఆ రోజు షాపులో లేదు. దుబాయి నుంచి రావాలంటే ఎన్ని రోజులో. నా మంచం కింద ఒకటుంది. ట్యాక్సీలో రూమ్‌కి పోయి, సీలు కూడా విప్పని పెట్టె తెచ్చి బిగించాను. తొందరలో ఒక స్క్రూ రెండుసార్లు జారింది.

మళ్లీ అక్క లెక్క మొదలు. నలభై నాలుగు దాటింది. యాభై దాటింది. వాళ్లమ్మ ఖర్జూరాలూ, కహ్వా అనే వాళ్ల కాఫీ పంపింది. తినబుద్ధి కాలేదు. తొంభై దగ్గర అక్క గొంతు తగ్గించేసింది, గట్టిగా అంటే ఆగిపోతుందన్నట్టు.

"తొంభై తొమ్మిది... నూరు! ఆయ నాయనా, ఆయ!"

వాళ్లమ్మ పరుగున వచ్చి, అక్కడి పెళ్లిళ్లలో ఆడవాళ్లు పెట్టినట్టే నాలుక ఆడిస్తూ సంతోషంగా కేక పెట్టింది. అన్న కుర్చీలోంచి లేచి కహ్వా కప్పు తనే నా చేతికిచ్చాడు. "తాగు సదీక్" అన్నాడు.

ఆ తర్వాత ఆ ఇంటి నుంచి ఎప్పుడు ఫోనొచ్చినా అక్కే మాట్లాడేది. కొన్నాళ్లకి టేపు ఎక్కించడం నేర్చుకుంది. ఇంకొన్నాళ్లకి ఆ అమ్మాయితో పెళ్లిళ్లకీ వెళ్లేది. "ర్యామ్ సాలడం లేదు నాయనా, ఇంకో రెండు తెచ్చి పెట్టు" అని ఒకరోజు ఆర్డరేసింది. నా మెషీన్ మాత్రం ఇంకో ఏడాదికి గానీ పూర్తి కాలేదు.

నేను ఒమన్ వదిలే ముందు అన్న పెళ్లయింది. నన్నూ పిలిచాడు. మగవాళ్ల హాల్లో పెద్ద పళ్లెం చుట్టూ కూర్చుని మాంసం, అన్నం తిన్నాను. గోడకి అవతల ఆడవాళ్ల పాటలు వినిపించాయి. మర్నాడు అక్క ఫోన్ చేసింది.

"ఎట్లుండె అక్కా పెళ్లికూతురు?" అని అడిగాను.

"చందమామ లెక్కనుండాది. పాప ఆడబిడ్డ హోదాలో కూసోవాల్సొచ్చె, కెమెరా యాడ పట్టుకుంటాది? అంతా నేనే తీసినా నాయనా" అంది.