కాపలా కణాలకు చీవాట్లు

మేడమ్‌కు కోపం రావడమంటూ ఉండదు. పోతేగా, మళ్లీ రావడానికి! ల్యాబులో మనుషులనే కాదు, మైక్రోస్కోపులో కనబడే కణాలను కూడా ఆమె తిట్టేది.

అల్జైమర్స్ జబ్బులో రోగనిరోధక వ్యవస్థ ఏం చేస్తుందన్నది ఆమె పరిశోధన. మెదడులో పేరుకునే చెత్తను ఊడ్చిపారేసే కాపలా కణాలుంటాయి. ఈ జబ్బులో అవే రెచ్చిపోయి, నాడీకణాల మధ్య ఉన్న మంచి లంకెలను కూడా నమిలేస్తాయి. అది కంటబడిందంటే మేడమ్ బల్ల గుద్దేది.

"చెత్త ఊడవమంటే కొంపనే ఊడ్చేస్తార్రా? తిన్నింటి వాసాలు లెక్కపెట్టే వెధవల్లారా!"

పక్క గదిలోంచి ఎవరో "సారీ మేడమ్" అనేవారు.

"నిన్ను కాదు!" క్షణం ఆగి, "నిన్ను కూడా!"

ఆర్నెల్ల కిందట చేరిన టెక్నీషియన్ చేతిలో మైక్రోస్కోపు గాజు పలకలు ఆ గొంతుకే టకటకలాడేవి. ఒకనాడు ఆ అమ్మాయి, కణాలు స్పష్టంగా కనబడాలని రంగులో నానబెట్టిన పలకలను సమయానికి తీయడం మరిచిపోయింది. వారం రోజుల పని గంగపాలు.

"బుర్ర ఎక్కడ పెట్టొచ్చావ్?"

"ఇంట్లో మేడమ్... మా నాన్నకీ ఇదే జబ్బు. పొద్దున నన్ను 'ఎవరమ్మా నువ్వు' అన్నారు."

మేడమ్ మొహం జేవురించింది. "ఆర్నెల్లుగా బెల్లం కొట్టిన రాయిలా కూర్చున్నావా? పద మీ ఇంటికి!"

వాళ్లు వెళ్లేసరికి టెక్నీషియన్ మేనమామ, వాళ్ల నాన్నకు ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. "బావా, నేనెవరో చెప్పు చూద్దాం! పోనీ, మొదటి అక్షరం చెప్పనా?"

పాతికేళ్లు బస్సు నడిపిన ఆ పెద్దమనిషి బిక్కమొహంతో దుప్పటి అంచు నలుపుతున్నాడు.

"లేవండి!" మేడమ్ గర్జనకు మేనమామ అటెన్షన్‌లో నిలబడ్డాడు. "ఆయనకి పరీక్ష పెట్టడానికి మీరెవరండీ? మీ పేరు మీరే చెప్పుకుని పలకరిస్తే నోరు పడిపోతుందా?"

మేనమామ చెప్పులు మరిచిపోయి వీధిలో పడ్డాడు.

మేడమ్ ఆ కుర్చీలో కూర్చుంది. "నమస్కారమండీ. మీ అమ్మాయీ నేనూ ఒకే చోట పనిచేస్తాం."

ఆ మెత్తని గొంతు ఎవరిదా అని టెక్నీషియన్ చుట్టూ చూసింది.

రెండు నిమిషాలకు నాన్న "మీరెవరమ్మా?" అన్నాడు. మేడమ్ మళ్లీ చెప్పింది. అలా పదకొండుసార్లు. పదకొండోసారి కూడా మొదటిసారిలాగే, నవ్వుతూ.

ఆమె వెళ్లడానికి లేవగానే నాన్న కూతురిని దగ్గరికి పిలిచాడు. "ఎంత నెమ్మదస్తురాలమ్మా! జన్మలో గొంతు పెంచి ఎరగదు."

మేడమ్ గుమ్మంలో గిరుక్కున తిరిగి టెక్నీషియన్‌కు వేలు చూపించింది.

"ఈ మాట ల్యాబులో చెప్పావో, చంపేస్తాను!" అంది, ఆయనకు వినబడకుండా గుసగుసగా.