కెప్టెన్ పోయినాడు

నేను నోరు జారి చెడగొట్టిన పనులు చాలానే ఉన్నాయి. కానీ బతికున్న మనిషి ఫోటోకు దండ వేయించి, దాన్ని ఆయన పెండ్లి మాటలు జరుగుతున్న ఇంట్లోకే మోసుకుపోయింది మాత్రం ఒక్కసారే. మీరు నవ్వుకోండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు.

ఎనభైల మొదట్లో సంగతి. నేను ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గుమాస్తాను. ఎమ్మిగనూరులో మగ్గాల వాళ్లు కొందరు కలిసి ఏటా జాతరలో నాటకం వేసేవారు. పౌరాణికం కాదు, అంతరిక్షం. ఒక ఏడు చంద్రుడు, మరుసటి ఏడు అంగారకుడు, ఆ పై ఏడు గురుగ్రహం. గ్రహాలు మారేవి, రాక్షసులు మారేవారు, కథ మాత్రం తెగేది కాదు. కథానాయకుడు కెప్టెన్ భాస్కర్. ఒంటికి వెండి కాగితం అతికించిన సూటు, తలమీద బోర్లించిన సత్తు గిన్నె.

మొదట్లో కెప్టెన్ వేషం నాగప్పది. ఆయనకు బొజ్జ పెరిగి రాకెట్టు తలుపులో ఇరుక్కుపోవడంతో, రామాంజి అనే కుర్రవాణ్ని పెట్టారు. జనం ఒప్పుకోరేమోనని నాటకం రాసే మాస్టరు ఒక డైలాగు కలిపాడు: "గురుగ్రహపు గాలికి నా ముఖము మారినది, నా హృదయము మారలేదు!" ముఖం మారితే ఊరుకునే రకాలమా మేము? అభిమానులం రెండు పార్టీలయ్యాం. నేను రామాంజి పార్టీ. మా వీధి టైలరు ఇస్మాయిల్ భాయ్ నాగప్ప పార్టీ. కెప్టెన్ సూటు కుట్టేది ఆయనే కాబట్టి ఆయన మాటకు బరువెక్కువ.

"నాగప్ప ఏసుకుంటే సూటు నిండుగ ఉండె. ఈ రామాంజి ఏసుకుంటే చిలక్కొయ్యకు తగిలించినట్ల ఉండాది" అనేవాడు భాయ్.

"యాక్టింగు సూడు భాయ్! రాక్షసుని ముందర ఎట్ల కదలకుండ నిలబడినాడు!"

"కదిల్తే ప్యాంటు జారిపోతాది గద శీనప్పా."

ఇలా ఏళ్ల తరబడి మేము చాయ్ చల్లారబెట్టుకున్నాం. రామాంజి సూటులో దిగిన ఫోటో ఒకటి భాయ్ కొట్లోనే వేలాడేది. మనిషి నచ్చకపోయినా తన కుట్టు నలుగురికీ కనబడాలి కదా.

ఆ ఏడు జాతరకు ముందు మిల్లు పని మీద ఎమ్మిగనూరు వెళ్లి, నాటకం వాళ్ల కొట్టంలోకి తొంగి చూశాను. మాస్టరు ఒక్కడే కూర్చుని వెండి కాగితం అతికిస్తున్నాడు. కళ్లు ఎర్రగా, నీళ్లు కారుతూ ఉన్నాయి. పక్కన పొయ్యి మీద జిగురు ఉడికి పొగలు కక్కుతోంది. రెండూ చూశాను గానీ, కలిపి ఆలోచించలేదు.

"రామాంజన్న యాడ మాస్టరూ?"

"పోయినాడప్పా."

"ఎప్పుడు?"

"నిన్న పొద్దున. ఒక్క మాటన్నా సెప్పకుండ మమ్మల్ని ఇడిసిపెట్టి పోయినాడు. ఇంగ రాడు."

"మొన్నటి దాంక బాగనే ఉండె గదా!"

"ఏం చేస్తాం, వాని రాత అట్లుండాది" అని కళ్లు తుడుచుకున్నాడు.

మా సీమలో మనిషి సంతకు వెళ్లినా పోయినాడే, ప్రాణం విడిచినా పోయినాడే. పుట్టినప్పటి నుంచి ఆ మాట వింటున్నవాణ్ని, నాకు తెలియకనా? కానీ కన్నీళ్లు పెట్టుకున్న మనిషిని తిప్పి తిప్పి అడగడం మర్యాద కాదనిపించింది. ఆ మర్యాదే నన్ను ముంచింది.

ఆదోనిలో కబురు చెప్పగానే ఇస్మాయిల్ భాయ్ చేతిలో కత్తెర జారిపోయింది. "యా అల్లా! నిన్న గూడ వాణ్ని చిలక్కొయ్య అంటినే!" అని తల పట్టుకున్నాడు. గోడమీది ఫోటో తానే దించి, తుడిచి, పెద్ద చామంతి దండ వేశాడు. మరునాడు పొద్దున ఇద్దరం ఎమ్మిగనూరు బస్సెక్కాం. ఫోటోను చూసి ఒక పెద్దాయన లేచి సీటిచ్చాడు.

"ఎవురప్పా పోయింది?"

"కెప్టెన్ తాతా."

"మిలిట్రీనా?"

"అంతకంటే పైన" అన్నాడు భాయ్. పెద్దాయన రెండు చేతులూ ఎత్తి దండం పెట్టాడు.

ఇక్కడ మీకొక సంగతి ముందే చెప్పాలి. మాకు మాత్రం తర్వాతే తెలిసింది. రామాంజికి దేవనకొండ సంబంధం వచ్చింది. ముఖానికి రంగు పూసుకునేవానికి పిల్లనిచ్చేది లేదని పిల్ల తాత పట్టుబట్టాడు. రామాంజికి పిల్ల నచ్చింది. అందుకే నాటకం వదిలేసి, తానెప్పుడూ వేషమే కట్టలేదని వాళ్లకు చెప్పాడు. ఆ రోజే తాంబూలాలు.

మేము రామాంజి ఇంటికి వెళ్లేసరికి చాప మీద పెద్దలు కూర్చున్నారు. పరామర్శకు వచ్చిన బంధువులనుకున్నాం. భాయ్ ఫోటోను తాంబూలం పళ్లెం పక్కనే నిలబెట్టి బావురుమన్నాడు.

పిల్ల తాత వంగి చూశాడు. "ఎవురిది నాయనా ఈ పొటో? నెత్తిన గిన్నె ఏంది?"

"ఈ ఇంటి పిల్లోందే తాతా. గురుగ్రహం దాంక పోయినాడు. ఇప్పుడు మొత్తానికే పోయినాడు!"

అప్పుడే కొత్త పంచెతో రామాంజి లోపలి నుంచి వచ్చాడు. భాయ్ ఫోటోను చూశాడు, మనిషిని చూశాడు.

"రామాంజీ! నువ్వు పోయినావంట గదా!"

"నేను యాడికి పోయినా భాయ్? ఈడనే ఉండానే!"

"శీనప్ప సెప్పినాడు."

అందరూ నావైపు తిరిగారు. తాత మాత్రం ఫోటో మీంచి చూపు తిప్పలేదు. "ఏమప్పా, వేషాలు కట్టలేదంటివే?"

రామాంజి తల వంచుకున్నాడు. "కట్టినా తాతా. పిల్లనియ్యరని అబద్ధం సెప్పినా."

నాకు అప్పుడు నిజంగా ఏడుపొచ్చింది. నేను అభిమానించిన మనిషి పెండ్లికి నా చేతులారా దండ వేయించాను.

తాత భాయ్‌ని పిలిచాడు. "నువ్వు ఈ పిల్లోనికి ఏమైతావు?"

"ఏమీ గాను తాతా. వీని వేషమే నాకు నచ్చదు."

"మరి అంత ఏడిస్తివే?"

"వేషం నచ్చకుంటే ఏమి? మనిషి పోయినాడంటే ఏడుపు రాదా?"

తాత గడ్డం నిమురుకున్నాడు. "నచ్చనోడే పక్క ఊరి నుంచి వచ్చి ఇంత ఏడిసినాడంటే, పిల్లోడు మంచోడే అయ్యుంటాడు. అబద్ధం సెప్పినాడు, అడిగితే ఒప్పుకున్నాడు గూడ. పిల్లనిస్తాం" అని, ఫోటోకున్న దండ తానే తీసేశాడు. "అయితే ఒగటే మాట. ఈ శీనప్ప మాత్రం పెండ్లికి రాగూడదు."

వెళ్లలేదు. పెండ్లికొడుకు సూటు కుట్టిన ఇస్మాయిల్ భాయ్ మాత్రం ముందు వరసలో కూర్చుని భోంచేసి, లడ్డూలు ఎంత బాగున్నాయో వచ్చి నాకు వర్ణించి చెప్పాడు.

ఆ రోజే గంభీరంగా ఒట్టు పెట్టుకున్నాను. ఎవరు ఎంత ఏడుస్తూ వచ్చి ఫలానాయన పోయినాడని చెప్పినా సరే, "యాడికి?" అని అడగనిదే ఒక్క కన్నీటి చుక్క రాల్చను. దీనివల్ల నిజంగా పోయినవాళ్ల ఇళ్లలో నేను తిన్న తిట్లు అన్నీ ఇన్నీ కావు. అయినా ఒట్టు ఒట్టే.