పసుపు పెట్టని మెట్లు

మా ఇంటికి టీవీ గేమ్ వచ్చింది అక్కకు పచ్చకామెర్లు వచ్చినందుకు. పదో తరగతి పరీక్షలు రాసిన వారానికే అక్క కళ్లు పచ్చబడ్డాయి. మంచం దిగొద్దన్నారు, నూనె తగలనీయొద్దన్నారు. పుస్తకం పడితే తల తిరుగుతోందని ఏడ్చేది. మా నాయన తిరుమల ఘాట్ రోడ్డు మీద బస్సు నడిపేవాడు. ఆయన స్నేహితుడొకడు మద్రాసు బస్సుకు పోయేవాడు. వాడి చేత ఒక గేమ్ పెట్టె తెప్పించి, టీవీకి తగిలించి, "పండుకునే ఆడుకో మా, పొద్దు పోతాది" అన్నాడు. అంటే అది అక్కది. రెండు రోజుల్లో నేను దాన్ని నాది చేసుకున్నాను. అప్పుడు నాకు పన్నెండేళ్లు, సిగ్గన్నది ఇంకా రాలేదు.

క్యాసెట్ అట్ట మీద వందల ఆటలున్నట్టు రాసుంది గానీ సరిగ్గా నడిచేది ఒక్కటే. వీపున మూట వేసుకున్న పొట్టివాడొకడు ఎడమ నుంచి కుడికి పరిగెత్తాలి. గుంటలు దూకాలి, ఇటుకలెక్కాలి, ముళ్ల పురుగుల్ని తప్పించుకోవాలి. ఒక్కో స్టేజీని మేము ఊరు అనేవాళ్లం. ఎనిమిది ఊళ్లు దాటితే కోట, కోట మీద జెండా. ఆ జెండా అందుకోవడానికి నాకు పది రోజులు పట్టింది. అందుకున్నాక ఇంకేముంది? చేతులు ఖాళీ.

అప్పుడు అక్కే ఒక మాట అంది, ఎంతసేపట్లో పోతావో చూద్దామని. నాయన పాత చేతి గడియారం ఒకటి అక్క చేతికి వదులు గాజులా వేలాడేది. దానికి సెకన్ల ముల్లుంది. "ఊఁ, పోరా" అని అక్క అనగానే నేను పరుగు మొదలుపెట్టేవాణ్ణి. మొదటిసారి నలభై రెండు నిమిషాలు. కిందా మీదా పడితే ముప్పై ఐదుకు వచ్చింది. అక్కడి నుంచి కదల్లేదు.

అడ్డదారులు నేనే కనిపెట్టానని బడంతా టాంటాం వేసుకున్నాను. అబద్ధం. కనిపెట్టింది అక్క. ఆడేవాడికి కాళ్ల ముందున్న గుంట తప్ప ఇంకోటి కనబడదు. పడుకుని చూసే మనిషికి తెర మొత్తం కనబడుతుంది. రెండో ఊళ్లో ఒక మేఘం కింద ఎగిరే పురుగు ప్రతిసారీ గాల్లో దేనికో తగులుకుని వెనక్కి మళ్లేది. "ఆడ ఏందో ఉండాది రా, ఎగిరి సూడు" అంది అక్క. ఎగిరాను. టక్కుమని శబ్దమై, కనబడని ఇటుక ఒకటి బయటపడింది. దాని మీదెక్కి మళ్లీ ఎగిరితే పొట్టివాడు తెర పైకి వెళ్లిపోయాడు. మనిషి కనబడడు, అడుగుల చప్పుడే వినబడుతుంది. ఊరి కప్పు మీద పరిగెత్తుతున్నాడన్న మాట. ఎక్కడ దూకాలో తెలియక చాలాసార్లు చచ్చాను. చివరికి అక్క అంకెలు లెక్కపెట్టి, "ఇప్పుడు దూకు" అంటే దూకాను. కళ్లు తెరిచేసరికి ఐదో ఊళ్లో ఉన్నాం. మూడు, నాలుగు గల్లంతు.

రెండోది ఐదో ఊళ్లో ఒక గుంట. అన్ని గుంటల అడుగునా ఎర్రగా ఉంటే దాంట్లో మాత్రం నల్లగా ఉందని అక్కే చూసింది. ఎడమ గోడకు ఆనుకుని జారితే చావు లేదు, నేరుగా ఎనిమిదో ఊరు. ఆ రోజు టైం తొమ్మిది నిమిషాలు. అక్క మంచం మీద లేచి కూర్చుని అరిచింది. అమ్మ వంటింట్లోంచి గరిటెతో పరిగెత్తుకొచ్చి, సంగతి తెలిసి, "అంత బిరీన అయిపోతే ఇంకేం ఆట రా అది?" అని తిట్టి వెళ్లింది.

అక్క కళ్లు పచ్చగా ఉన్నప్పుడే అమ్మ మొక్కుకుంది. బిడ్డకు నయమైతే అలిపిరి నుంచి కొండకు నడిచి, మెట్టుమెట్టుకూ పసుపూ కుంకుమా పెడతానని. మూడున్నర వేల మెట్లు, ప్రతి మెట్టుకూ వంగాలి. బడి తెరిచే ముందు, అక్క తేరుకున్నాక, ముగ్గురం తెల్లవారుతూనే బయల్దేరాం. నాయనకు డ్యూటీ. చిన్న స్టీలు గిన్నెలో తడిపిన పసుపు, డబ్బాలో కుంకుమ. అమ్మ పెట్టేది, అక్క గిన్నె పట్టుకునేది, నేను నీళ్ల సీసా మోస్తూ విసుక్కునేవాణ్ణి. గాలిగోపురం దాకా అమ్మ ఒక్క మెట్టు వదల్లేదు. అక్కడి నుంచి నడక సులువే గానీ, మోకాళ్ల పర్వతం కాడికి వచ్చేసరికి కాళ్లు బిగుసుకుపోయాయి. నిలువుగా లేచిన మెట్లను చూసి అమ్మ కూలబడింది.

"నా కాళ్లు ఇంక రావు నాయనా. నువ్వు పెట్టు. వంశంలోని బిడ్డవే గదా, దేవుడేం అనుకోడు. మేం నిదానంగా వస్తాం."

గిన్నె, డబ్బా తీసుకున్నాను. పోతూ పోతూ అక్కతో, "టైం సూడు" అన్నాను.

ఓ నలభై మెట్లు ఒళ్లు దగ్గర పెట్టుకునే పెట్టాను. ఆపైన ఒక మెట్టు నిండా ఎవరిదో కుటుంబం కూర్చుని పులిహోర తింటోంది. వాళ్లను దాటి పై మెట్టెక్కి, వదిలేసిన దాని కోసం వెనక్కి చూశాను. దాని అంచున అప్పటికే పసుపు ఉంది, కుంకుమ ఉంది. పై మెట్టుకూ ఉంది. దాని పైదానికీ ఉంది. పొద్దున్నించి ఎందరు అమ్మలు మొక్కు తీర్చుకుంటూ పోయారో. నేను పెట్టింది ఏదో, వాళ్లు పెట్టింది ఏదో తెలియదు. నేను పెట్టకపోయినా తెలియదు.

అప్పుడు నాకు భయం వేసి ఉంటే ఈరోజు ఇది రాసేవాణ్ణి కాదు. నాకు వేసింది సంతోషం. కనబడని ఇటుక తలకు తగిలినప్పటి సంతోషమే. పసుపు కాస్త కాస్త చేతికి పూసుకుని, పదింటికి ఒకదానికి వేలు తాకించి, మెట్లు రెండేసి ఎక్కుతూ పరుగు తీశాను. మిగిలిన పసుపును పైన ఒక చెట్టు మొదట్లో పోసేశాను.

అమ్మ పైకి వచ్చేసరికి చాలా సేపైంది. నా పసుపు చేతులు చూసి, "అన్నిటికీ పెట్టినావా?" అంది.

"పెట్టినాను మా."

నా రెండు చేతులూ కళ్లకద్దుకుంది. కొడుకు చేతులను కళ్లకద్దుకోవడం ఏమిటి! నేను పై మెట్టు చేరడం కింది నుంచే చూసి టైం గుర్తుపెట్టుకున్న అక్క, అలవాటుగా, "పదకొండు నిమి..." అని ఆగిపోయింది. వంగి పెట్టుకుంటూ ఎక్కితే ఎంత పడుతుందో పొద్దున్నించీ చూస్తూ వచ్చిన మనిషి. నా వైపు ఒకసారి చూసింది.

వానలు మొదలయ్యాక అక్క కళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. ఒక్కోసారి తిరగబెడుతుందమ్మా, పథ్యం సరిగ్గా చేయించండి అన్నాడు డాక్టరు. అది జబ్బు సంగతని నాకు ఇప్పుడు తెలుసు. అమ్మ మాత్రం వినలేదు, తప్పు తన మీదే వేసుకుంది. "నా చేత్తో పెట్టలా గదా. కాళ్లు నొస్తాయని పిల్లోని చేత పెట్టిస్తి. మొక్కింది నేను, పెట్టింది వాడు" అని నాయనతో చెప్పుకుని ఏడ్చింది. నేను పక్క గదిలోనే ఉన్నాను. అక్క మంచం మీద నుంచి నన్ను చూసి మెల్లగా, "సెప్తావా?" అంది. తలూపాను. చెప్పలేదు.

అక్కకు తగ్గాక అమ్మ మళ్లీ బయల్దేరింది. ఈసారి నేనొక్కణ్ణే తోడు. మోకాళ్ల పర్వతం దగ్గర అమ్మ నిలబడి ఎక్కలేకపోయింది. మెట్టు మీద కూర్చుని, పై మెట్టుకు బొట్టు పెట్టి, చేతులానించి పైకి జరిగి, మళ్లీ కూర్చునేది. "నేను పెడతా మా" అన్నాను. "వద్దు నాయనా. నువ్వు పెట్టింది సాల్లేదని కాదు, నా చెయ్యి గదా పడాల" అంది. నేను నొచ్చుకుంటానేమోనని ఆ మాట. పులిహోర తిన్నవాళ్లు కూర్చున్న మెట్టు నాకు గుర్తే. దానికి అమ్మ పసుపు పెడుతుంటే గిన్నె పట్టుకుని పక్కనే నిలబడ్డాను.

ఎందుకు చెప్పలేదని నన్ను నేనే ఎన్నోసార్లు అడిగాను. కొడుతుందని కాదు, అమ్మ ఎప్పుడూ కొట్టలేదు. తను కళ్లకద్దుకున్న ఈ చేతులే అబద్ధమాడాయని చెప్పలేకపోయాను. అమ్మ ఆ తర్వాత పదహారేళ్లు ఉంది. మోకాళ్లు మళ్లీ సరిగ్గా వంగలేదు. అడిగినవాళ్లకల్లా, మొదటిసారి మా పిల్లోడే పెట్టినాడు పాపం అని గొప్పగా చెప్పేది. ఇంత పిరికితనం నాలో ఉందని నాకు కాక అక్క ఒక్కదానికే తెలుసు.

ఆ రెండోసారి కొండ దిగి వచ్చిన మర్నాడు, అక్క జబ్బుగా పడుకున్న మంచం మీదే అమ్మ వావిలాకు కాపడం పెట్టుకుని పడుకుంది. అక్క కాలేజీకి పోయింది. ఏం చేయాలో తోచక గేమ్ పెట్టాను. రెండో ఊళ్లో మేఘం వచ్చింది. ఎగరలేదు. తిన్నగా పోయాను. మూడో ఊరు వచ్చింది. చూసి ఎన్ని నెలలైందో, ఏ గుంట ఎక్కడుందో ఒక్కటీ గుర్తు లేదు.

"ఈ ఊరు యెప్పుడూ సూడలేదే" అంది అమ్మ మంచం మీద నుంచి. "ఇది యాడిది?"

"ఇదే అసలు దోవ మా."

"మరి ఇన్నాళ్లూ నువ్వు పోయింది?"

నోటి దాకా వచ్చింది. తెర మీద నుంచి కళ్లు తిప్పకుండా చెప్పేద్దామనుకున్నాను. మీట నొక్కడం మరిచాను, పొట్టివాడు గుంటలో పడ్డాడు.

"పోయినాడా?" అంది అమ్మ, కాపడం మూటను మోకాలి మీద సర్దుకుంటూ. "పోతే పోనీలే నాయనా. మళ్లీ మొదట్నించీ రా."

నేను గేమ్ కట్టేశాను.